ఎముకలు దొరికాయి, ఆడా మగా ఎలా తేల్చాలి? మార్చురీ బల్ల మీద వరసగా చేయాల్సిన పని

ఏప్రిల్, మే నెలల్లో చెరువులు ఎండుతాయి. పూడిక తీసే జేసీబీ బకెట్‌లో మట్టితో పాటు ఒక్కోసారి ఎముకలూ వస్తాయి. ఊళ్లో గుంపు చేరుతుంది, వీఆర్వో ఫోన్ చేస్తాడు, ఎస్సై వస్తారు. ఆ ఎముకలు గోనెసంచిలో, పంచనామా కాగితంతో సహా, మన మార్చురీకి చేరతాయి. పరీక్ష కోరుతూ పోలీసులు ఇచ్చే రిక్విజిషన్‌లో ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే: మనిషివేనా? ఎందరివి? ఆడా, మగా? వయసెంత? ఎత్తెంత? చనిపోయి ఎంతకాలమైంది? చావుకు కారణం ఏమిటి?

ఈ ప్రశ్నల్లో నన్ను అన్నిటికంటే భయపెట్టేది మూడోది. వయసు తప్పు రాస్తే పోలీసులు పదేళ్లు అటూ ఇటూ వెతుకుతారు. ఆడా మగా తప్పు రాస్తే అసలు వెతకనే వెతకరు. రిపోర్టులో "పురుషుడు" అన్న మాట పడగానే స్టేషన్‌లో ఉన్న మహిళల మిస్సింగ్ ఫైళ్లన్నీ పక్కకు పోతాయి. ఆ ఫైళ్లలో ఒకటి ఈ ఎముకలదే అయితే, ఆ తల్లికి ఎప్పటికీ కబురు అందదు. అందుకే ఈ పనిలో వేగం కంటే వరస ముఖ్యం అంటాను. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ వ్యాసం. ఫోరెన్సిక్ మెడిసిన్ పీజీలకూ, ఏరియా ఆసుపత్రుల్లో పోస్టుమార్టం డ్యూటీ పడే డాక్టర్లకూ, ఎముకలు ఏరించే ఎస్సైలకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఇది గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ కాదు, అది చట్టరీత్యా నేరం. చనిపోయినవారి గుర్తింపు గురించే ఇక్కడి మాటంతా.

మొదటి దశ: సంచి విప్పకముందు

కాగితాలు చూడండి. గుర్తు తెలియని అవశేషాలకు శవ పంచనామా ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతుంది. 2024 జులై 1కి ముందు కేసైతే పాత సీఆర్‌పీసీ 174 అని ఉంటుంది. పాతిపెట్టిన చోటు నుంచి తవ్వి తీసినవైతే మేజిస్ట్రేట్ ఆదేశం ఉందో లేదో చూడాలి. సంచి సీలు, దాని మీది నమూనా, లోపలి ఎముకల జాబితా ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే అక్కడే రాయండి.

ఇక కథ వినకండి. ఎస్సై గారు మంచి మనసుతోనే చెబుతారు: "సార్, పక్క ఊరి కుర్రాడు మూడేళ్లుగా కనిపించడం లేదు, వాడే అయ్యుంటాడు." ఈ ఒక్క వాక్యం చాలు, సగం సందేహంగా ఉన్న ప్రతి గుర్తూ మన కంటికి మగవైపు ఒరిగిపోతుంది. అనుభవం ఉన్నవారికీ ఇది తప్పదు. షెర్రీ నఖాయీజాదే, ఇతియల్ డ్రోర్, రూత్ మోర్గన్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అస్థిపంజరాన్ని నిపుణులకు వేర్వేరు సమాచారంతో ఇచ్చారు. ముందుగా "ఇది మగ" అని విన్నవారిలో ఎక్కువమంది మగ అన్నారు, "ఆడ" అని విన్నవారు అటువైపు మొగ్గారు. ఎముక మారలేదు, విన్న మాట మారింది. కాబట్టి "మీ అనుమానం ఒక కవర్లో పెట్టి ఇవ్వండి, నా కాగితం రాశాక చూస్తాను" అని చెప్పండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

బట్టలకూ నగలకూ ఇదే నియమం. మెట్టెలు, గాజు ముక్కలు, నల్లపూసలు దొరికితే స్త్రీ అనీ, మొలతాడు, లుంగీ ముక్క దొరికితే పురుషుడనీ చెయ్యి దానంతటదే రాసేస్తుంది. చెరువు మట్టిలో నలుగురి వస్తువులు కలుస్తాయి. హంతకుడు కావాలనే చీరలో చుట్టి ఉండొచ్చు. స్వీడన్‌లోని బిర్కాలో ఆయుధాలతో పూడ్చిన ఒక వైకింగ్ సమాధిని వందేళ్లకు పైగా మగ యోధుడిదని నమ్మారు. 2017లో డీఎన్‌ఏ చూస్తే స్త్రీ. వస్తువులను ఫొటో తీసి, జాబితా రాసి, వేరే కవర్లో సీలు వేయండి. అవి గుర్తింపుకు చాలా విలువైనవి. బంధువులు ఎముకను గుర్తుపట్టలేరు, మెట్టెను గుర్తుపడతారు. ఆడా మగా తేల్చడానికి మాత్రం అవి సాక్ష్యం కాదు.

రెండో దశ: మనిషివేనా? ఒక్కరివేనా?

మేక, గొర్రె, గేదె, పంది, కుక్క ఎముకలు మనవాటితో కలిసి రావడం మామూలే. కోతి పుర్రె, చిన్నపిల్లల పుర్రె అని అనుమానంతో రావడమూ ఉంది. కీళ్ల చివరలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. చిన్న ముక్కల దగ్గరే ఇబ్బంది, అవి ల్యాబ్‌కు పోవాల్సిందే.

తర్వాత లెక్క. రెండు ఎడమ తొడ ఎముకలుంటే కనీసం ఇద్దరు. ఈ లెక్క పూర్తయ్యేదాకా పుర్రెను ఒకరిదనీ పెల్విస్‌ను, అంటే తుంటి ఎముకల గూడును, అదే మనిషిదనీ అనుకోకూడదు. పుర్రె మగ లక్షణాలతో, పెల్విస్ ఆడ లక్షణాలతో ఉంటే వెంటనే "మిశ్రమ లక్షణాలు" అని రాయకండి. ముందు ఇద్దరు మనుషులేమో చూడండి: మెడ మొదటి పూస పుర్రె కింద సరిగా అమరుతుందా, పూసలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయా, వెన్నెముక కింది త్రికోణపు ఎముక, సేక్రమ్, రెండు తుంటి ఎముకల మధ్య బిగుతుగా కుదురుతుందా.

మూడో దశ: కడగడం, పేర్చడం

కడగకముందే డీఎన్‌ఏ నమూనా పక్కన పెట్టండి. చెక్కుచెదరని ఒక దవడ పన్ను, తొడ ఎముక మధ్య భాగం నుంచి ఒక ముక్క సరిపోతాయి. కోయకముందు ఆ ఎముక కొలతలన్నీ తీసుకోవాలి, ఈ మాట మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

మిగతావాటిని మామూలు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. మాంసం అంటుకుని ఉంటే గోరువెచ్చని నీళ్లలో కొంచెం డిటర్జెంట్ వేసి నానబెట్టి నెమ్మదిగా తీయాలి. బ్లీచింగ్ పౌడర్ వద్దు, అది డీఎన్‌ఏను పాడుచేస్తుంది, ఎముక పైపొరనూ తినేస్తుంది. స్కాల్పెల్‌తో గీకవద్దు. ఈరోజు మనం చేసిన గీత రేపు కోర్టులో కత్తిగాటు అవుతుంది. నీడలో ఆరబెట్టండి.

ఆరాక మనిషి పడుకున్న వరసలో బల్ల మీద పేర్చి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. లేని ఎముకల జాబితా రాయండి. పెల్విస్ ముందు భాగం లేకపోతే వెంటనే ఎస్సై గారికి ఫోన్ చేసి, దొరికిన చోట మట్టిని జల్లెడ పట్టించమనండి. ఈ ఒక్క ఫోన్ కాల్ విలువ నాకు ఎలా తెలిసిందో పుర్రె దగ్గర చెబుతాను.

నాలుగో దశ: ముందు ఎదుగుదల పూర్తయిందా చూడండి

ఆడా మగా తేడా ఎముకలో కనిపించేది యుక్తవయసు హార్మోన్ల వల్లే. ఆ మార్పు రాకముందు చనిపోయిన బిడ్డ ఎముకలు చూసి ఆడా మగా చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి, కోర్టులో నిలబడే నమ్మకం దేనికీ లేదు. తొడ ఎముక తల, మోకాలి చివర, దండచెయ్యి పైభాగం అతుక్కోకుండా విడిగా ఉన్నాయా? తుంటి ఎముకలోని మూడు భాగాలు కీలు గుంటలో ఇంకా కలవలేదా? అయితే ఇక్కడే ఆగి, "ఎదుగుదల పూర్తికాలేదు, ఎముకల ఆకారం ద్వారా ఆడా మగా చెప్పలేము, డీఎన్‌ఏ పరీక్ష అవసరం" అని రాయండి. అది ఓటమి కాదు. తప్పిపోయిన పిల్లల ఫైళ్లు రెండువైపులా తెరిచే ఉంటాయి.

ఐదో దశ: పెల్విస్

అసలు పని ఇక్కడుంది. మనిషి అస్థిపంజరంలో స్త్రీకీ పురుషుడికీ పని వేరుగా ఉన్న చోటు ఇదొక్కటే. పెద్ద తల ఉన్న బిడ్డ ఈ ఎముకల మధ్య నుంచి బయటికి రావాలి, ఆ అవసరం ఎముక ఆకారంలో అచ్చుపడి ఉంటుంది. మిగతా ఎముకల్లో తేడా ఎక్కువగా సైజుది, కండబలంది. సైజు తిండినిబట్టీ ప్రాంతాన్నిబట్టీ మారుతుంది, ప్రసవ మార్గం అంతగా మారదు. అందుకే బల్ల మీద పుర్రె ఎంత పిలుస్తున్నా ముందు దీని దగ్గరికే రండి.

ముందు ప్యూబిస్, అంటే పొత్తికడుపు కింద రెండు తుంటి ఎముకలు ముందువైపు కలిసే చోటు. 1969లో టి.డబ్ల్యూ. ఫెనిస్ మూడు గుర్తులు చెప్పాడు. తాను చూసిన సేకరణలో వాటితో దాదాపు 96 శాతం సరిగా వచ్చిందని రాశాడు. తర్వాత ఇతరుల చేతుల్లో ఆ శాతం కొన్నిసార్లు తగ్గింది, కొత్తవారి చేతుల్లో మరీను. ఎముకను ఎలా పట్టుకోవాలో తెలియకపోవడమే సగం కారణమని నా నమ్మకం. అందుకే పట్టుకోవడం దగ్గర్నుంచి చెబుతాను.

ఎముక ముందు తలం మీవైపు, రెండు ఎముకలు కలిసే ముఖం మీ ముక్కు గీతకు సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. ఆ ముందు తలం మీద, కలిసే ముఖం పైభాగం దగ్గర మొదలై, ఏటవాలుగా కింది అంచు వైపు దిగే సన్నని గట్టు ఉందా? లోపలి కింది మూలలో ఒక చిన్న త్రికోణాన్ని అది విడదీస్తుందా? అదే వెంట్రల్ ఆర్క్, ఉంటే స్త్రీ. మగవారిలో కూడా కొన్నిసార్లు గట్టు ఉంటుంది, కానీ అది అంచుకు సమాంతరంగా పోతుంది, త్రికోణం ఏర్పడదు. కంటికి అనుమానంగా ఉంటే టార్చ్‌ను పక్క నుంచి వేయండి, బొటనవేలితో తడమండి. వేలికి తెలిసేది కంటికి తెలియకపోవచ్చు.

ఇప్పుడు ఎముకను తిప్పి వెనక తలం చూడండి. కలిసే ముఖం కింద నుంచి పక్కకు దిగే సన్నని భాగాన్ని ర్యామస్ అంటారు. దాని అంచు లోపలికి గుంటగా వంగి ఉంటే స్త్రీ. నేరుగానో కొంచెం ఉబ్బుగానో ఉంటే పురుషుడు. మూడోసారి, ర్యామస్ లోపలి అంచు సూటిగా మీవైపు ఉండేలా తిప్పండి. కలిసే ముఖానికి కాస్త కింద అంచు సన్నగా గట్టులా ఉంటే స్త్రీ, వెడల్పుగా చదునుగా ఉంటే పురుషుడు. మూడింటిలో వెంట్రల్ ఆర్క్‌కు బరువెక్కువ, ఈ మూడో గుర్తుకు తక్కువ. ఇంకో సంగతి: వెంట్రల్ ఆర్క్ టీనేజ్ చివరి నుంచి నెమ్మదిగా ఏర్పడుతుంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అమ్మాయిలో అది లేనంత మాత్రాన మగ అనకండి.

2012లో అలెగ్జాండ్రా క్లేల్స్ బృందం ఇవే మూడు గుర్తులకు ఉంది, లేదు అనే బదులు 1 నుంచి 5 దాకా మార్కులిచ్చే పద్ధతి తెచ్చింది. నేను అదే వాడమంటాను. "కొంచెం ఉంది" అన్న మాట కోర్టులో చెప్పలేము, 2 అని చెప్పగలం.

తర్వాత సయాటిక్ నాచ్, తుంటి ఎముక వెనకవైపున్న పెద్ద గండి. ప్యూబిస్ పలుచన, కుక్కలు నమిలితే ముందు పోయేది అదే. గండి ఉన్న చోటు మందం కాబట్టి చాలాసార్లు మనకు మిగిలేది ఇదే. ఇది స్త్రీలో వెడల్పుగా తెరుచుకుని, పురుషుడిలో ఇరుకుగా ఉంటుంది. మన కాలేజీల్లో నేర్పే బొటనవేలి పరీక్ష మీకు తెలిసిందే: గండిలో వేలు పెడితే అటూ ఇటూ ఆడేంత చోటుంటే స్త్రీ, బిగుసుకుంటే పురుషుడు. మొదటి అంచనాకు పర్వాలేదు కానీ నా వేలూ మీ వేలూ ఒకటి కాదు, రిపోర్టులో రాయదగింది కాదు. ఫిలిప్ వాకర్ 2005లో ఇచ్చిన ఐదు బొమ్మల స్కేలుతో పోల్చండి. అందులో 1 బాగా వెడల్పు, 5 బాగా ఇరుకు. కొత్తవారు పొరబడేది ఇక్కడే: 1కీ 5కీ మధ్య 3 కాబట్టి అదే సందిగ్ధం అనుకుంటారు. వాకర్ లెక్కల్లో 1 వచ్చినవాటిలో ఎక్కువ స్త్రీలవి, 2 దాటినవాటిలో ఎక్కువ పురుషులవి. సందిగ్ధం నిజానికి 2 దగ్గర ఉంది. వయసు కూడా చూడాలి, చిన్నవయసు మగవారిలో గండి కాస్త ఆడవైపు కనిపించవచ్చు. బాల్యంలో రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వచ్చినవారిలో పెల్విస్ ఆకారమే వంకర పోతుంది.

రెండు తుంటి ఎముకలూ ఉంటే సేక్రమ్‌తో కలిపి రబ్బరు బ్యాండుతోనో మట్టి ముద్దతోనో నిలబెట్టి, ప్యూబిస్ కింద కోణం చూడండి. స్త్రీలో అది వెడల్పైన కమాను, పురుషుడిలో ఇరుకైన కోణం. కీలు గుంట పురుషుడిలో పెద్దది. దాని కింది రంధ్రం పురుషుడిలో అండాకారంగా, స్త్రీలో త్రికోణంగా ఉంటుందంటారు, దాని మీద ఒక్కదాని మీద నేనెప్పుడూ ఆధారపడలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ప్యూబిస్ వెనక తలం మీది చిన్న గుంటలనూ, చెవి ఆకారపు కీలు పక్కనున్న కాలువనూ చూసి "ఈమె కాన్పులు అయిన స్త్రీ" అని రాసే అలవాటు పాత రిపోర్టుల్లో ఉంది. ఆ కాలువ స్త్రీలలో ఎక్కువగా కనిపించే మాట నిజమే. కాన్పులతో దాని లంకె మాత్రం నిలబడలేదు, పిల్లలు లేనివారిలోనూ గుంటలుంటాయి. పెళ్లికాని ఆడపిల్ల ఎముకల మీద ఆ వాక్యం రాస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. రాయకండి.

సేక్రమ్ గురించి రెండు ముక్కలు. స్త్రీలో పొట్టిగా వెడల్పుగా, కింది సగంలో ఒక్కసారిగా వంపు తిరిగి ఉంటుంది. పురుషుడిలో పొడవుగా, వంపు అంతటా సమంగా ఉంటుంది. మొదటి పూస దేహం వెడల్పును సేక్రమ్ పైభాగం మొత్తం వెడల్పుతో భాగించి వందతో గుణిస్తే పురుషులలో సగటు 45, స్త్రీలలో 40.5 అని మన పాఠాల్లో ఉంది. ఇది సగటే, గీత కాదు. పెల్విస్ చెప్పినదానికి తోడుగా వాడండి.

ఆరో దశ: పుర్రె

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒక సంచిలో పుర్రె, పక్కటెముకలు, ఒక తొడ ఎముక వచ్చాయి. పుర్రె చూడగానే కనుబొమల గట్టు, చెవి వెనక బలమైన మాస్టాయిడ్ బుడిపె. రఫ్ కాగితం మీద "మగ" అని రాసేశాను. తొడ ఎముక చిన్నదిగా ఉన్నా, పొట్టి మనిషి అనుకున్నాను. మా సీనియర్ మేడమ్ కాగితం చూసి, పెల్విస్ ఎక్కడ అని అడిగి, మట్టి జల్లెడ పట్టించమన్నారు. వారానికి కుడి తుంటి ఎముక వచ్చింది. వెంట్రల్ ఆర్క్ ఎవరో గీసినట్టు ఉంది. ఆమె వయసు మళ్లిన స్త్రీ. రిపోర్టు ఇంకా పంపలేదు కాబట్టి సరిపోయింది.

అప్పుడు నాకు తెలియనిది ఇది: వయసు మళ్లేకొద్దీ స్త్రీల పుర్రె మీద గట్లు బలపడతాయి, ఇరవైల్లో ఉన్న మగవారి పుర్రె నున్నగా ఆడ పుర్రెలా కనిపిస్తుంది. అంటే తప్పు రెండువైపులా జరుగుతుంది. మొత్తం మీద మన కన్ను మగవైపే ఎక్కువ ఒరుగుతుంది. 1972లో కెన్నెత్ వైస్ తవ్వకాల అస్థిపంజరాల లెక్కలు తీసి, పెద్దవారిలో మగ అని తేల్చడంలో సుమారు 12 శాతం అదనపు మొగ్గు ఉందని చూపాడు. గరుకుగా, పెద్దగా ఉంటే మగ అనడం సులువు, సందేహం వచ్చిన ప్రతిసారీ అటే పోతాం.

చూడాల్సినవి ఐదు, ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా మార్కులు, 1 ఆడవైపు, 5 మగవైపు. తల వెనక కింది భాగంలో మెడ కండరాలు పట్టుకునే గట్టు. చెవి రంధ్రం వెనక కిందికి దిగే మాస్టాయిడ్, ఇక్కడ పొడవు ఒక్కటే కాదు, మొత్తం పరిమాణం చూడాలి. కంటి గుంట పై అంచు: బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుంటే మొద్దుబారిన కత్తి అంచులా ఉంటే 1, పెన్సిల్‌లా గుండ్రంగా తగిలితే 5. రెండు కనుబొమల మధ్య ఉబ్బు, పుర్రెను పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. చివరిది గడ్డం ముందు ఉబ్బు. వాకర్ 2008లో ఈ మార్కులను లెక్కకట్టి ఆడా మగా సంభావ్యత చెప్పే సమీకరణాలు ఇచ్చాడు. ఐదింటిలో గడ్డం దగ్గరే ఇద్దరు పరిశీలకులు ఒకే మార్కు ఇవ్వడం కష్టం. పళ్లు పోయిన వృద్ధుల దవడ అరిగిపోయి ఉంటుంది, అక్కడ దీన్ని వదిలేయండి.

మార్కులు ఇద్దరు విడివిడిగా వేయండి. మీ పీజీ వేసిన కాగితం మీరు చూడకుండా, మీది ఆయన చూడకుండా. ఒకటి కంటే ఎక్కువ తేడా వచ్చిన చోట ఇద్దరూ కలిసి మళ్లీ ఎముక దగ్గరికి వెళ్లండి.

పరీక్షల కోసం మనమంతా బట్టీపట్టిన క్రాగ్‌మన్ శాతాలు ఉన్నాయి కదా: మొత్తం అస్థిపంజరం ఉంటే 100, పెల్విస్‌తో 95, పుర్రెతో 92, రెండూ కలిస్తే 98, పొడవు ఎముకలతో 80. అవి ఆయన తన చేతిలోని 750 అస్థిపంజరాల మీద పరీక్షించుకున్న ఫలితాలు. ఆ సేకరణలో మగవే చాలా ఎక్కువ. ఊరకే మగ అని చెబుతూ పోయినా మంచి మార్కులు వచ్చే సేకరణ అది. "సైన్స్ ప్రకారం 92 శాతం కచ్చితం" అని బోనులో నిలబడి చెప్పకండి. 2011లో కేట్ స్ప్రాడ్లీ, రిచర్డ్ జాంట్జ్ అమెరికా కేసుల కొలతలతో చూస్తే, మంచి స్థితిలో ఉన్న కాళ్ల, చేతుల ఎముకల కొలతలు పుర్రె కంటే మెరుగ్గా తేల్చాయి. అందుకే తర్వాతి దశను తేలిగ్గా తీసుకోవద్దు.

ఏడో దశ: కొలతలు, మనవాళ్ల సైజు

కావాల్సింది ఒక వెర్నియర్ క్యాలిపర్, వీలైతే ఎముకల పొడవు కొలిచే ఆస్టియోమెట్రిక్ బోర్డు. ప్రతి కొలతా రెండుసార్లు తీయండి.

తొడ ఎముక తల వ్యాసంతో మొదలుపెట్టండి. పుస్తకాల్లో విస్తృతంగా కనిపించే స్టీవర్ట్ గీతలు ఇవి: 42.5 మి.మీ. కంటే తక్కువైతే స్త్రీ, 47.5 దాటితే పురుషుడు, 43.5 నుంచి 46.5 దాకా తేల్చలేం, మిగతావి బహుశా. ఆ గీతలు అమెరికన్ల ఎముకల మీద గీసినవి. మన దేశంలో సగటు శరీరం చిన్నది. 43 మి.మీ. తల ఉన్న మన మగ కూలీని ఆ గీత "బహుశా స్త్రీ" అంటుంది. పై గీత దాటితే మనవాళ్లలో కూడా పురుషుడు అనడానికి భయపడక్కర్లేదు, కింది గీత దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. భారతీయ తొడ ఎముకల మీద రూమా పుర్కాయిత్ వంటివారు చేసిన పని ఉంది, సమీకరణం ఎంచుకునేటప్పుడు అలాంటివే వెతకండి. ఏ జనాభా మీద తయారైందో రిపోర్టులో రాయండి.

రొమ్ము ఎముకదీ అదే కథ. పై రెండు భాగాల పొడవు కలిపి 149 మి.మీ. దాటితే పురుషుడు అన్న ఆష్లీ సూత్రం యూరోపియన్లది. ఇందర్ జిత్ బృందం 1980లో ఉత్తర భారతీయుల రొమ్ము ఎముకలు పరిశీలించాక ఆ గీత మనకు సరిపోదని స్పష్టమైంది.

పొడవు, వెడల్పు కొలతల గొడవ లేకుండా ఆకారం చెప్పే ఎముక ఒకటుంది: దండచెయ్యి ఎముక మోచేతి చివర. వెనకవైపు గుంట స్త్రీలో అండాకారంగా, పురుషుడిలో త్రికోణంగా ఉంటుంది. ఎముకను బల్ల మీద పెడితే లోపలి బుడిపె స్త్రీలో పైకి లేచి, పురుషుడిలో బల్లకు సమాంతరంగా ఉంటుంది. ట్రేసీ రోజర్స్ 1999లో దీన్ని క్రమబద్ధం చేసింది. తుంటి ఎముక దొరకనప్పుడు నాకు బాగా పనికొచ్చింది.

తుంటి ఎముక దొరికితే దాని కొలతలకు మంచి సాధనం ఉంది. కొలతలు ఇస్తే ఆడా మగా సంభావ్యత లెక్కకట్టే ప్రోగ్రాం అది, పేరు డీఎస్‌పీ, 2005లో మురాయ్, బ్రూజెక్ బృందం తెచ్చింది, 2017లో రెండో రూపం వచ్చింది, ఉచితం. పది కొలతలు, వాటిలో కనీసం నాలుగు ఇస్తే చాలు. వేర్వేరు ఖండాల పన్నెండు సముదాయాల నుంచి 2,040 తుంటి ఎముకల మీద కట్టారు కాబట్టి ఒక్క జనాభాకే అతుక్కుని ఉండదు. నాకు అందులో నచ్చే గుణం వేరే ఉంది. సంభావ్యత 0.95 చేరకపోతే అది ఆడా అనదు, మగా అనదు. తేల్చలేమని చెప్పి ఊరుకుంటుంది.

ఎనిమిదో దశ: కాలిన ఎముకలు

కాల్చి పడేసిన కేసులు మనకు కొత్త కాదు. తెల్లగా సున్నంలా మారేదాకా కాలిన ఎముక కుంచించుకుపోతుంది, వంగుతుంది. తొడ ఎముక తల కొలిచి స్త్రీ అన్నారంటే మంట సైజు కొలిచినట్టే. కొలతలు మానేసి ఆకారం చూడండి: గండి, ర్యామస్ అంచు, కంటి గుంట అంచు. ముక్కలు అతికించేటప్పుడు కరిగించి తీయగలిగే జిగురే వాడాలి. నల్లగా మాత్రమే మారిన ముక్కలను విడిగా పెట్టండి, డీఎన్‌ఏ దొరికే ఆశ వాటిలోనే ఎక్కువ.

తొమ్మిదో దశ: డీఎన్‌ఏ, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక హెచ్చరిక

డీఎన్‌ఏ ఉండగా ఇదంతా ఎందుకని పీజీలు అడుగుతుంటారు. డీఎన్‌ఏ ఫలితం రావడానికి సమయం పడుతుంది, పోలీసుల వెతుకులాట ఈరోజే మొదలవ్వాలి. పైగా దానికీ తప్పు జరిగే చోట్లున్నాయి.

సాధారణంగా చూసేది అమెలోజెనిన్ జన్యువు. ఎక్స్ క్రోమోజోమ్ మీదా వై మీదా దాని ప్రతి ఉంది, రెండింటి మధ్య ఆరు అక్షరాల తేడా ఉంది. యంత్రంలో 106 పొడవు ఒక్కటే వస్తే స్త్రీ, 106తో పాటు 112 కూడా వస్తే పురుషుడు. ఇంత సులువైన పరీక్షను నమ్మొచ్చా అని 2002లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, ఎ.జి. రెడ్డి, లాల్జీ సింగ్ ప్రశ్నించారు. 270 మంది భారతీయ పురుషులను చూస్తే 5 మందిలో వై మీద ఆ భాగమే లేదు. అంటే మామూలు మగవారు, పరీక్షలో మాత్రం స్త్రీ. మన జనాభాలో ఇది పట్టించుకోవాల్సిన సంఖ్య. పాత ఎముకలో డీఎన్‌ఏ చాలా తక్కువగా ఉన్నప్పుడు వై ప్రతి యాదృచ్ఛికంగా కనిపించకుండా పోవడం ఇంకో ప్రమాదం. కాబట్టి నమూనా పంపే ఉత్తరంలో వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జన్యువు, ఇతర వై గుర్తులు కూడా చూడమని స్పష్టంగా అడగండి. ఎముక మగ అని, అమెలోజెనిన్ ఆడ అని చెబితే ఎముక తప్పనుకుని రిపోర్టు మార్చకండి. ముందు ల్యాబ్‌తో మాట్లాడండి.

పళ్లు, తొడ ఎముక మధ్య భాగం, పుర్రెలో లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి పెట్రస్ ఎముక నమూనాకు మంచివి. పంజాబ్‌లోని అజ్నాలా బావిలో 2014లో బయటపడ్డ, 1857 సిపాయిలవని భావించిన అవశేషాల పళ్ల నుంచి కూడా మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ తీయగలిగారు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఆ పరిశోధన 2022లో వచ్చింది. అయితే మైటోకాండ్రియా తల్లి వంశం చెబుతుంది, ఆడా మగా చెప్పదు. ఏ పరీక్ష కావాలో పేరు పెట్టి అడగాలనడానికి ఇదే కారణం.

పదో దశ: రిపోర్టు

ఐదు మాటల్లో ఒకటే వాడండి: స్త్రీ, బహుశా స్త్రీ, తేల్చలేము, బహుశా పురుషుడు, పురుషుడు. పెల్విస్ స్పష్టంగా ఉంటే మొదటి, చివరి మాటలు వాడొచ్చు. పుర్రె ఒక్కటే ఉంటే "బహుశా" దాటకండి. పెల్విస్, పుర్రె ఒకే మనిషివని తేలి, రెండూ వేర్వేరుగా చెబితే పెల్విస్ మాటే నెగ్గుతుంది. మార్కులను కూడి సగటు తీయడం తప్పు, పదిమంది సాక్షుల్లో కళ్లారా చూసినవాడి మాటకు ఉన్న బరువు పెల్విస్‌ది.

నమూనాకు ఒక పేరా: "కుడి తుంటి ఎముకలో వెంట్రల్ ఆర్క్ స్పష్టంగా ఉన్నది. ర్యామస్ అంచు గుంటగా, లోపలి అంచు సన్నని గట్టుగా ఉన్నది. సయాటిక్ నాచ్ వాకర్ స్కేలుపై 1. పుర్రె ఐదు లక్షణాల మార్కులు 3, 3, 2, 3, 2. తొడ ఎముక తల వ్యాసం 39.8 మి.మీ. ఇద్దరు పరిశీలకులు విడివిడిగా చూశారు. ఈ అవశేషాలు వయోజన స్త్రీవి అని నా అభిప్రాయం." ముందు చూసింది, తర్వాత అభిప్రాయం. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద మనం చెప్పేది నిపుణుడి అభిప్రాయం. డిఫెన్స్ లాయరు అడిగేది ఆ అభిప్రాయం వెనక ఏముందనే.

ఎముక చెప్పేది శరీరం గురించే. ఆ మనిషి తనను ఎవరిగా భావించుకుని బతికారో అది చెప్పదు. ఎముకలు పురుషుడివని తేలి, దగ్గర్లో చీర, గాజులు దొరికితే, అది ట్రాన్స్ మహిళ కావచ్చునన్న మాట పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి. మన ఊళ్లలో హిజ్రాలు కనిపించకుండా పోతే చాలాసార్లు ఇంటివాళ్లు ఫిర్యాదు ఇవ్వరు, వాళ్ల జమాత్ పెద్దలే వెతుకుతారు. ఎస్సై గారు ఆ గడప కూడా తొక్కాలి. మొదట్లో పక్కన పెట్టిన, ఎస్సై అనుమానం ఉన్న కవరు ఇప్పుడు విప్పండి, మీ కాగితం మీద తేదీ, సంతకం పడ్డాక.

పదకొండో దశ: ఎముకలను పోనివ్వకండి

1940లో పసిఫిక్‌లోని నికుమరోరో దీవిలో కొన్ని ఎముకలు దొరికాయి. 1941లో ఫిజీలో డాక్టర్ హూడ్‌లెస్ వాటిని కొలిచి మగ అన్నాడు. తర్వాత ఎముకలు కనిపించకుండా పోయాయి, ఆయన రాసిపెట్టిన ఏడు కొలతలు మిగిలాయి. అవి విమానంతో సహా మాయమైన అమెరికన్ మహిళా పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ ఎముకలకు సరిపోతాయని 2018లో రిచర్డ్ జాంట్జ్ రాశాడు. ఒప్పుకునేవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. తుంటి ఎముక ఒక్కటి ఎవరి దగ్గరైనా ఉండి ఉంటే ఆ వాదన అరగంటలో తేలేది.

కాబట్టి రెండు తుంటి ఎముకలనూ, పుర్రెనూ విడివిడిగా కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. క్రైమ్ నంబరు, తేదీ, ఎముక పేరు పెట్టె లోపలా బయటా రాయండి. వెంట్రల్ ఆర్క్, గండి ఫొటోలు స్కేలుతో సహా రిపోర్టుకు జతచేయండి. మిస్సింగ్ ఫైళ్లలో ఎవరితోనైనా డీఎన్‌ఏ కలిసేదాకా దహనానికి అనుమతి ఇవ్వవద్దని దర్యాప్తు అధికారికి ఉత్తరం రాసి, ఒక ప్రతి మీ ఫైల్లో ఉంచుకోండి. డీఎన్‌ఏ జవాబు వచ్చిన రోజున మీరు రాసిన మాటను దానితో పోల్చి, మార్చురీ రిజిస్టర్‌లో ఆ పేజీలోనే నమోదు చేయండి, సరైనా తప్పైనా.